మట్టిలో తిప్పే బైకుకి ఆయిల్ మార్పించాలంటే విజయనగరంలో నేను వెళ్ళే షెడ్డు ఇదే

ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి అడ్వెంచర్ బైకులు కొనుక్కుని నిజంగానే మట్టిలో తిప్పేవాళ్ళు మన విజయనగరంలో ఈమధ్య బాగా పెరిగారు. వాళ్ళలో సగం మంది నన్ను అడిగేది ఒకటే, ఆయిల్ ఎక్కడ మార్పిస్తున్నావ్ అని. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ వివరంగా రాసేస్తున్నా. దాసన్నపేట వైపు, మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఒక రేకుల షెడ్డు ఉంటుంది, ముందు వేపచెట్టు, ఎప్పుడూ రెండు మూడు పాత యమహా ఆర్ఎక్స్100 బైకులు విప్పి పడి ఉంటాయి. బోర్డు లేదు. యాభై దాటిన మెకానిక్ అన్న, సాయానికి ఒక కుర్రాడు, అంతే. నా బండి ఎక్స్‌పల్స్ 200 4వీ, తాటిపూడి చుట్టూ కొండదారులు, ఎస్.కోట వైపు జీడితోటలు, చెరువు గట్లు, ఇవే దాని రోడ్లు, తారు రోడ్డు మీద నడిచేది తక్కువ.

ఇక్కడ నాకు బాగా నచ్చింది పాత ఆయిల్ తీసే పద్ధతి. చాలా చోట్ల బండి పెట్టగానే ఇంజిన్ కింద ఆయిల్ తీసే బోల్ట్ తిప్పేస్తారు, ఆయిల్ ధార సన్నబడగానే మళ్ళీ బిగించేసి కొత్తది పోసేస్తారు, మొత్తం పది నిమిషాల పని. ఇంకో చోట నేను కళ్ళారా చూశాను, బండి చల్లగా ఉండగానే బోల్ట్ తీసి, తొందరగా అయిపోవాలని పైనుంచి కంప్రెసర్ గాలి కొట్టారు, డబ్బా సీలు కూడా నా ముందు తియ్యలేదు. ఈ అన్న దగ్గర అలా కాదు. ఇంజిన్ వేడెక్కి ఉండాలి, చల్లగా ఉంటే స్టార్ట్ చేసి కాసేపు అలాగే ఆడనిస్తాడు, ఎందుకంటే వేడి ఆయిల్ పల్చగా ఉండి అడుగున చేరిన మురికిని కూడా తోడుకుని బయటికి వస్తుంది. బోల్ట్ తీశాక పైన పోసే చోట మూత కూడా తీసేస్తాడు, గాలి ఆడితే ధార ఆగకుండా పడుతుంది. ఆ తర్వాత బండిని నిటారుగా పట్టుకుని ఒకసారి కుడికి ఒకసారి ఎడమకి వాలుస్తాడు, అప్పుడు ఇంకో గుక్కెడు ఆయిల్ పడుతుంది. నేను ఆత్రపడితే "ఉండు బావు, కారనీ, తొందరేటి? సుక్క సుక్క పడతంది సూడు" అంటాడు. చుక్కలు ఆగేదాకా బోల్ట్‌కి వేసే వాషర్ ముట్టుకోడు.

తర్వాత పాత ఆయిల్ పట్టిన ట్రే తీసుకెళ్ళి ఎండలో పెడతాడు. మీరు వెళ్తే ఈ పని దగ్గరుండి చూడండి. పాత స్పీకర్లోంచి తీసిన మాగ్నెట్ ఒకటి ఉంటుంది ఆయన దగ్గర, దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ట్రే అడుగున మెల్లగా తిప్పి పైకి తీస్తాడు. గుడ్డకి బూడిద రంగు మెత్తటి పేస్టులా అంటుకుంటే ఫర్వాలేదు, గేర్లు ఒకదానికొకటి రాసుకుంటే వచ్చే మామూలు అరుగుదల అది. వేళ్ళ మధ్య నలిపితే గుచ్చుకునే ముక్క వచ్చిందంటే మాత్రం కొత్త ఆయిల్ పొయ్యడు, ముందు ఆ ముక్క ఎక్కడిదో చూడాలంటాడు. మాగ్నెట్‌కి అంటకుండా ఆయిల్లో మెరిసే పొడి కనిపిస్తే అది అల్యూమినియం కావచ్చు, దాన్ని ఇంకా సీరియస్‌గా తీసుకుంటాడు. తర్వాత వాసన చూస్తాడు. మొన్న నా బండి ఆయిల్ వాసన చూసి "ఇసకలో గాని తిప్పేవేటి బావు? క్లచ్ కాలిన వాసనొస్తంది" అన్నాడు. నిజమే, అంతకుముందు ఆదివారమే చింతపల్లి బీచ్‌కి వెళ్ళొచ్చాం, మెత్తటి ఇసకలో క్లచ్ సగం నొక్కి పట్టుకోకుండా (హాఫ్ క్లచ్) బండి కదలదు కదా. నేనేం చెప్పకుండానే ట్రేలో చూసి కనిపెట్టేశాడు, ఆ రోజు నుంచి ఈ మనిషి మీద నాకు గురి కుదిరింది.

ఆ వాసన ఆయిల్లోకి ఎందుకొస్తుందో తెలిస్తే ఏ డబ్బా కొనాలో కూడా తెలుస్తుంది. మన బళ్ళలో ఇంజినుకి, గేర్ బాక్సుకి, క్లచ్చికి కలిపి ఒకటే ఆయిల్. కార్లో ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్ ఆయిల్ వేరు, క్లచ్ పొడిగా ఉంటుంది. బైకులో క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటాయి, అందుకే వెట్ క్లచ్ అంటారు, వాటి పొడి ఏదైనా పోయేది ఆయిల్లోకే. అదే ఆయిల్ అటు పిస్టన్ దగ్గర కాలుతుంది, ఇటు గేర్ పళ్ళ మధ్య నలుగుతుంది, ఆ నలుగుడుకి చిక్కదనం నిలబెట్టే పాలిమర్లు తెగిపోయి ఆయిల్ పల్చబడిపోతుంది. కొత్తలో మెత్తగా పడిన గేర్లు తర్వాత గట్టిగా పడటం, న్యూట్రల్ దొరక్కపోవడం దీనివల్లే ఎక్కువ. అంచేత డబ్బా మీద జాసో ఎమ్ఏ2 అని ఉందా లేదా చూసుకోండి. జాసో అంటే జపాన్ వాహనాల ప్రమాణాల సంస్థ, వాళ్ళు టూ వీలర్ల ఆయిళ్ళకి 1998లో ఎమ్ఏ, ఎమ్‌బీ అని గ్రేడ్లు పెట్టారు, 2006లో ఎమ్ఏ ని మళ్ళీ ఎమ్ఏ1, ఎమ్ఏ2 అని విడదీశారు, ఎమ్ఏ2 లో క్లచ్ పట్టు బాగా ఉంటుంది. ఎమ్‌బీ ఆయిల్ జారుడు ఎక్కువ, అది స్కూటర్లకి. కార్ ఆయిల్ ఖరీదైనది కదా, మంచిదే అయ్యుంటుంది అని బైకులో పోసేవాళ్ళున్నారు, అందులో మైలేజ్ కోసం రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి క్లచ్ ప్లేట్లకి అంటితే ఘాట్ ఎక్కేటప్పుడు రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ముందుకి లాగదు.

నేను మాత్రం కంపెనీ చెప్పిన 10డబ్ల్యూ30 చిక్కదనం గ్రేడ్‌లోనే మోతుల్ 7100 అనే ఆయిల్ పోయిస్తున్నా. ఫుల్ సింథటిక్, ఎమ్ఏ2, మామూలు ఆయిల్ కంటే డబ్బు బాగానే అవుతుంది గానీ వేసవిలో ఎండకి కొండ ఎక్కి దిగాక కూడా గేర్లు మెత్తగా పడుతున్నాయి, ఆ తేడా నాకు స్పష్టంగా తెలుస్తోంది. అలాగని అందరూ అదే కొనక్కర్లేదు. మట్టిలో ఎలాగూ తొందరగా మార్చేస్తాం కాబట్టి కంపెనీ మామూలు ఆయిలే తరచుగా మార్చడం మేలని అన్న అంటాడు, ఆ మాటలో న్యాయం ఉంది. నేను డబ్బులు పెట్టేది నా ఇష్టం కొద్దీ. ఆయన దగ్గర ఇంకో మంచి గుణం, మనం తెచ్చుకున్న ఆయిల్ పొయ్యడానికి ముఖం చిట్లించడు, సీలు మన చేతే తీయిస్తాడు.

ఒకసారి విశాఖ నుంచి నా ఫ్రెండ్ హోండా సీఆర్ఎఫ్250ఆర్ బొలెరో ట్రక్కులో వేసుకొచ్చాడు, పాత మోడల్, నంబర్ ప్లేట్ లేని అసలు సిసలు మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసు) బండి, రోడ్డు మీద నడపకూడదు. దానికి ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్ బాక్స్, క్లచ్ ఆయిల్ వేరు, పోసే చోట్లు రెండు, తీసే బోల్టులు రెండు. తెలియనివాళ్ళు ఒక వైపు తీసి ఇంకో వైపు పోసేస్తే ఒకటి ఎండిపోయి, ఇంకోటి పొంగిపోయి బండి పోతుంది. మావాడు భయపడ్డాడు, ఈ షెడ్డులో ఇలాంటిది ఎప్పుడు చూసుంటారు అని. అన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూసి, రెండు బోల్టులకీ చాక్‌పీసుతో గుర్తు పెట్టి "ఆర్ఎక్స్ కి లాగే కదేటి, గేర్ ఆయిల్ ఏరేగా" అన్నాడు. అదీ నిజమే. ఆర్ఎక్స్100 టూ స్ట్రోక్, ఇంజిన్లోకి పోయే టూటీ ఆయిల్ పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది, గేర్ బాక్స్ ఆయిల్ విడిగా కింద ఉంటుంది. ఆ బళ్ళతో పెరిగిన చెయ్యి కాబట్టి రెండు ఆయిళ్ళ లెక్క ఆయనకి కొత్త కాలేదు. ముందు ఒక వైపు మొత్తం పూర్తి చేసి, మూత బిగించాకే రెండో వైపు ముట్టుకున్నాడు, ట్రేలు కూడా రెండు పెట్టాడు. పక్కపక్కన పెట్టి చూస్తే క్లచ్ వైపుది నల్లగా, మసిలా ఉంది, ఇంజిన్ వైపుది దానికంటే చాలా నయం. హోండా వాళ్ళు ఎందుకు విడదీశారో ఆ రెండు ట్రేలు చూస్తే అర్థమైపోతుంది, క్లచ్ పొడి వాల్వులు తెరిచే క్యామ్ దాకా, పిస్టన్ దాకా పోకూడదని. ఒక్కో వైపు ముప్పావు లీటరు కూడా పట్టదు, అంత కొంచెం ఆయిల్ మీద రేసు బండి నడుస్తుంది కాబట్టే దానికి కిలోమీటర్ల లెక్క లేదు, గంటల లెక్క. ఆరు రేసులు లేదా పదిహేను గంటలు.

మన బళ్ళకి కూడా ఈ గంటల లెక్కే సబబు అని నా గట్టి అభిప్రాయం. సర్వీస్ బుక్కులో రాసిన కిలోమీటర్లు తారు రోడ్డు మీద సాఫీగా వెళ్ళేవాడికి సరిపోతాయి. ఫస్ట్, సెకండ్ గేర్లో మధ్యాహ్నం అంతా జీడితోటల్లో తిరిగితే మీటర్లో పెరిగేది ఏమంత ఉండదు, ఇంజిన్ మాత్రం ఆపకుండా కష్టపడి ఉంటుంది. అదీగాక మన ఎర్రమట్టి దుమ్ము సంగతి తెలిసిందే, ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే ఆయిల్ అరగదీసే పేస్టు అయిపోతుంది. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ అన్న ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూపిస్తాడు, డబ్బులు అడగడు. ఆయిల్ ఫిల్టర్ సంగతికొస్తే, ఏ బండికి కాగితం ఫిల్టర్ ఉంటే అది మారుస్తాడు, జల్లెడ లాంటి మెష్ ఉంటే తీసి కడుగుతాడు. వానాకాలంలో వాగులు దాటేవాళ్ళకి ఒక్క మాట, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్ళు చేరాయని అర్థం, ఇంటిదాకా నడిపేద్దాం అనుకోకండి, అక్కడే ఆపి బండి ఎక్కించుకుని రండి. అలాంటి బండికి ఆయన చవక ఆయిల్ పోసి కాసేపు ఆడించి తీసేసి, మళ్ళీ పోసి తీసి, రంగు తేటగా వచ్చాకే మంచి ఆయిల్ పోస్తాడు.

బిగించేటప్పుడు ప్రతిసారీ కొత్త వాషర్, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్. అవును, రేకుల షెడ్డులో టార్క్ రెంచ్. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్ట్ ఇనుము, బలం కొద్దీ బిగిస్తే కేసులో మరలు ఊడిపోతాయి, ఆ రిపేరు ఎంత బాధో పడినవాళ్ళకే తెలుసు. ఆయిల్ మెజరింగ్ జార్లో కొలిచి పోస్తాడు, డబ్బాలో ఉంది కదా అని మొత్తం ఒంపెయ్యడు. ఎక్కువ పోసినా నష్టమే, నురగ కట్టి, ఇంజిన్లోని గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి ఎయిర్ ఫిల్టర్ బాక్సులోకి తోసేస్తుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ఇంజిన్ ఆడించి, ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, కుర్రాడు బండిని నిటారుగా పట్టుకుంటే లెవెల్ చూస్తాడు. సైడ్ స్టాండ్ మీద వాలి ఉన్న బండికి లెవెల్ చూస్తే తప్పు చూపిస్తుంది. పాత ఆయిల్ డ్రమ్ములో పోస్తాడు, పాత ఆయిల్ కొనేవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు, కాలవలో ఒక్క చుక్క పొయ్యగా నేను చూళ్ళేదు.

ఇక నచ్చనివి. టైం బాగా పడుతుంది, గంటన్నర అనుకుని వెళ్ళండి, ముందు రెండు బళ్ళుంటే పూట పోయినట్టే. ఫోన్ చేసి టైం తీసుకోవడాలు ఉండవు. బిల్లు ఇవ్వడు, ఇది నిజంగా లోటే, బండి అమ్మేటప్పుడు చూపించడానికి కాగితం ఉండదు, నేను కిలోమీటర్లు, తేదీ, ఆయిల్ డబ్బా ఫోటో తీసి పెట్టుకుంటున్నా. వారంటీలో ఉన్న బండైతే ఇక్కడికి తీసుకురావద్దు, షోరూంలోనే చేయించి స్టాంపు వేయించుకోండి, రేపు ఇంజిన్లో ఏదైనా వస్తే ఆ రికార్డే అడుగుతారు. కూర్చోడానికి ఒక్క బల్ల, ఏప్రిల్ మే నెలల్లో ఆ రేకుల కింద ఉండలేం. ఇంకోటి, మట్టి కొట్టుకుపోయిన బండిని ఆయన ముట్టుకోడు, కడిగించి తెమ్మని వెనక్కి పంపేస్తాడు. కొందరికి కోపం వస్తోంది గానీ ఈ విషయంలో నేను ఆయన వైపే, బోల్ట్ చుట్టూ, మూత చుట్టూ ఉన్న మట్టి తియ్యగానే లోపలికే రాలుతుంది.

కూలి నా దగ్గర రెండొందలు తీసుకున్నాడు, వాషర్ అందులోనే. సీఆర్ఎఫ్‌కి రెండు వైపుల పనికి నాలుగొందలు. ఇంత ఓపిగ్గా చేసే పనికి ఇది తక్కువే, పైన ఇంకో యాభై ఇస్తే కుర్రాడికి ఇమ్మంటాడు. ఆయిల్ ఆయన అమ్మడు, మీరే తెచ్చుకోవాలి, లూజు ఆయిల్ తెస్తే పొయ్యడు, సీలున్న డబ్బా, బిల్లు ఇచ్చే షాపులో కొనండి.

పొద్దున్న తొమ్మిదికల్లా తీస్తాడు, ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటాడు. ఆదివారాలు రైడ్లకి వెళ్ళొచ్చే బళ్ళతో రష్, బుధ, గురువారాలు ఖాళీ. దసరా వెళ్ళిన తర్వాత సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను, ఆ రెండు రోజులూ షెడ్డు మూసే ఉంటుంది, ఎలాగూ పైడితల్లి అమ్మవారి పండగ జనంలో ఊళ్ళోకి బండి తేలేరు, అంతకు ముందు వారమే చేయించేసుకోండి.