వేట ట్యాగులు: వేలమా, లాటరీయా, డ్రానా?

2025 జనవరిలో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రపు బిగ్‌హార్న్ (పెద్ద కొమ్ముల అడవి గొర్రె) పొట్టేలు ట్యాగ్, అంటే ఒక జంతువును వేటాడే అనుమతి, వేలంలో 13 లక్షల డాలర్లు పలికినప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. డబ్బున్నవాళ్లకు ఇలా అమ్ముకోవడం న్యాయమేనా? దరఖాస్తు పెట్టినవాళ్లలోంచి పేర్లు తీసే డ్రాలో అందరితోపాటు పెడితే పోదా?

వేలం వైపు వాదన గట్టిదే. బిగ్‌హార్న్ మందలకు పెద్ద గండం న్యుమోనియా. పెంపుడు గొర్రెల నుంచి ఒకసారి అంటుకుందంటే పెద్దవి చావడంతో ఆగదు, ఆ తర్వాత ఏళ్ల తరబడి పుట్టిన పిల్లలు దక్కవు. ఖాళీ అయిన కొండల మీద మళ్లీ మంద నిలబెట్టాలంటే వేరేచోట హెలికాప్టర్‌తో తరిమి, వల విసిరి పట్టాలి. కళ్లకు గంతలు కట్టి, రక్తం, ముక్కు నమూనాలు తీసి, మెడకు రేడియో కాలర్ వేసి తీసుకెళ్లాలి. డ్రా దరఖాస్తుల చిల్లరతో అయ్యే పని కాదిది. మోంటానాలో 2013లో ఒక్క ట్యాగే 4.8 లక్షల డాలర్లు తెచ్చింది.

అయితే నేను ముందు చూసేది ధర కాదు, అందరి వాటాలోంచి ఎన్ని ట్యాగులు పక్కకు తీశారన్నది. అమెరికాలో అడవి జంతువు ప్రజలందరి ఆస్తి. మోంటానా ఏడాదికి ఒక్క బిగ్‌హార్న్ ట్యాగ్‌ను వేలానికి పెడుతుంది. దానికి నాకు అభ్యంతరం లేదు. యూటా మాత్రం రకరకాల జంతువులవి కలిపి వందల పర్మిట్లు అమ్మమని సంరక్షణ సంఘాల చేతికిస్తుంది. ఆ సొమ్ములో ఎక్కువ భాగం ఆవాసాల పనులకే వెళ్తుంది, కాదనను. కానీ ఆ పర్మిట్లు డ్రాలో ఉండి ఉంటే, పేరు రానప్పుడల్లా దక్కే, అవకాశం పెంచే పాయింట్లను ఏళ్లుగా కూడబెట్టుకుంటూ ఎదురుచూస్తున్నవాళ్లకు దక్కేవి.

యూటాలోనే యాంటెలోప్ ఐలండ్‌లో మ్యూల్ డీర్ (ఒక రకం జింక) ట్యాగ్ 2023లో 5 లక్షల డాలర్లకు పోయింది. అదే దీవిలో ఇంకో ట్యాగ్ డ్రాలో వస్తుంది. చాలాచోట్ల వేలం ట్యాగ్‌తోపాటు ఎక్కువ రోజుల సీజనూ దొరుకుతుంది. పైగా కొన్నవాళ్ల గైడ్లు వారాల ముందు నుంచే గుట్టల మీద స్పాటింగ్ స్కోపులు (దూరదర్శినులు) పెట్టుకుని మంచి కొమ్ములున్న జంతువును కనిపెట్టుకుని ఉంటారు. డ్రాలో ట్యాగ్ తగిలిన మామూలు మనిషి చాలాసార్లు ఉద్యోగానికి సెలవు పెట్టుకుని ఒక్కడే వెళ్తాడు.

అందుకే నా మొగ్గు టికెట్లు అమ్మి ట్యాగ్ ఇచ్చే లాటరీ వైపు. మోంటానాలో సూపర్‌ట్యాగ్ అనే లాటరీ టికెట్ 5 డాలర్లు, ఎన్నైనా కొనొచ్చు. ధనవంతుడు వెయ్యి కొంటాడు నిజమే. కొన్నా ట్యాగ్ ఖాయం కాదు, ఒక్క టికెట్ కొన్న మెకానిక్ పేరు కూడా అందులోనే ఉంటుంది. రాష్ట్ర వన్యప్రాణి శాఖకు డబ్బు ఎలాగూ చేరుతుంది.

డ్రా అన్నిటికన్నా న్యాయమైనదే గానీ దానితో ఖజానా నిండదు. న్యూ మెక్సికోలో ఎల్క్ (పెద్ద దుప్పి) వేట అనుమతులను భూయజమానులు అమ్ముకునే పద్ధతిని నేను లెక్కలోకే తీసుకోను, ఆ డబ్బు వాళ్ల జేబుకే పోతుంది.

నన్నడిగితే ఒక్కో రాష్ట్రం బిగ్‌హార్న్‌కు ఒక్క వేలం ట్యాగ్ ఉంచుకోవచ్చు. యూటా తన వందల పర్మిట్లలో సగమైనా 5 డాలర్ల టికెట్ల లాటరీకి మార్చాలి.