కాఫీ నడకకు మైలాపూరా, జార్జ్ టౌనా?

చెన్నైలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లకు నెల్లూరు నుంచో గుంటూరు నుంచో చుట్టాలు వచ్చినప్పుడు మెరీనా, మహాబలిపురం చూపించడం మామూలే. వాటికి తోడుగా ఇప్పుడు గైడు వెంట రెండు మూడు గంటలు పాతపేటల్లో నడుస్తూ, ఫిల్టర్ కాఫీ తాగుతూ, గుడులనూ వీధులనూ అక్కడివారి రోజువారీ బతుకునూ చూసే పర్యటనలు వచ్చాయి. వీటికి ప్రధానంగా రెండు పేటలున్నాయి: మైలాపూర్, జార్జ్ టౌన్. ఒక్క పూట మాత్రమే తీరిక ఉన్నవారికి నేను మైలాపూర్‌నే సూచిస్తాను. అయితే అందుకు కారణం అక్కడి కాఫీ. తెలుగువారి చరిత్ర కోసం వచ్చేవారికైతే జార్జ్ టౌన్ వద్దని చెప్పడానికి నాకు మనసొప్పదు.

మైలాపూర్‌లో కాఫీ కోసం వెతుక్కోనక్కరలేదు. కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లోనూ, వాటిని కలిపే సందుల్లోనూ గింజలు వేయించి, అడిగినవారికి అప్పటికప్పుడు మర పట్టి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. మంచి గైడు నేరుగా హోటల్‌కు తీసుకువెళ్లకుండా ముందు ఇలాంటి దుకాణం దగ్గర ఆగుతాడు. వచ్చినవారు పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ అనే రకం గింజలు ఎంత, చికోరీ ఎంత కలపాలో చెబుతారు. కొట్లోని మనిషి ఆ పాళ్లలో తూచి మరలో పోస్తాడు. పొట్లం చేతికి వచ్చేసరికి ఇంకా వెచ్చగానే ఉంటుంది. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలుంటాయి, ఒక్కటే గుండ్రంగా పెరిగితే అది పీబెర్రీ. చికోరీ ఒక మొక్క వేరు. అందులో కెఫీన్ ఉండదు గాని డికాషన్‌కు చిక్కదనమూ ముదురు రంగూ దానివల్లే వస్తాయి. ఈ రెండు సంగతులు తెలిశాక తాగే కాఫీ రుచి వేరుగా తెలుస్తుంది. నూటికి ఇరవై పాళ్లు చికోరీ ఉన్న కాఫీనీ, అసలు చికోరీ లేని కాఫీనీ పక్కపక్కన పెట్టి తాగించే పర్యటన దొరికితే, నాలుగు హోటళ్లలో నాలుగు గ్లాసులు తాగించేదానికంటే అదే మేలు.

ఆ తరువాత టిఫిను. అరుండేల్ వీధిలోని రాయర్స్ మెస్, తూర్పు మాడవీధిలోని కర్పగాంబాళ్ మెస్ చాలాకాలంగా పేరున్నవి. రాయర్స్ మెస్ చిన్నది, ఉదయం కాసేపే రద్దీగా నడుస్తుంది, ఒకరు లేస్తేనే ఇంకొకరికి చోటు దొరుకుతుంది. అలాంటిచోటికి ఇరవైమందిని ఒక్కసారిగా తీసుకువెళ్లే నిర్వాహకులు ఆ పేటకు మేలు చేస్తున్నట్టు కాదని నా గట్టి అభిప్రాయం. రోజూ అక్కడ ఇడ్లీ తిని ఆఫీసుకు వెళ్లే మనిషి వీధిలో నిలబడిపోతే, మనం చూడటానికి వచ్చిన జనజీవనానికి మనమే అడ్డుపడినట్టవుతుంది. బృందంలో ఎనిమిదిమందికి మించకుండా చూసే పర్యటననే ఎంచుకోండి.

సంస్కృతి విషయానికి వస్తే, గుడి రాజగోపురం 1906లో కట్టినది; పడమటి వైపు కోనేరు, చుట్టూ పూలు, పూజాసామగ్రి, ఇత్తడి సామాన్ల అంగళ్లు ఉన్నాయి. మధ్యాహ్నం గుడి మూస్తారు కనుక ఉదయం ఆరున్నరకల్లా నడక మొదలుకావాలి. చాలా పర్యటనలు ఇక్కడితోనే ముగుస్తాయి, మనవారికి ముఖ్యమైన రెండు చోట్లు మిగిలిపోతాయి. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబర్ 15న ప్రాణాలు విడిచిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనంగా ఉంది. అది బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. లజ్ చర్చ్ రోడ్డులోని నాగేశ్వరరావు పార్కు అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట వెలసినది. ఈ రెండింటినీ కలపగలరా అని గైడును ముందే అడగాలి. నిరాకరిస్తే, కాఫీ అయ్యాక కుటుంబమంతా సొంతంగా ఆటోలో వెళ్లి చూడవచ్చు.

జార్జ్ టౌన్ స్వభావం పూర్తిగా వేరు. ఇక్కడ ఒక్కో వీధి ఒక్కో వ్యాపారం: ఆండర్సన్ వీధిలో కాగితమూ పెళ్లి శుభలేఖలూ, గోడౌన్ వీధిలో బట్టలు, దేవరాజ మొదలి వీధిలో అద్దాలు. గోవిందప్ప నాయక్, కాశీ చెట్టి వంటి వీధుల పేర్లు చాలు, ఈ పేటను కట్టి నిలబెట్టినవారిలో మనవారు ఎంతమందో తెలియడానికి. ఆర్యవైశ్యుల శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమూ, 1996లో కోయంబేడుకు తరలేవరకు నగరానికంతటికీ కూరగాయలు అందించిన కొత్వాల్ చావడీ ఇక్కడివే. తంబు చెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి ఉంది. ఆంధ్రపత్రిక కార్యాలయం నడిచింది కూడా ఆ వీధిలోనే. మైలాపూర్ పార్కులో పంతులుగారి పేరు చదివినవారు ఈ వీధిలో నడిస్తే, ఆయన కృషి ఎక్కడ సాగిందో కళ్లకు కడుతుంది. పాత కొట్లలో తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబు వచ్చే అవకాశం మైలాపూర్‌లో కంటే ఇక్కడే ఎక్కువ.

కాని కాఫీ దగ్గర జార్జ్ టౌన్ వెనకబడుతుంది. హోటళ్లు లేకపోలేదు, నిలబడి తాగి వెళ్లిపోయే కాఫీ దొరుకుతుంది. షావుకారుపేట వైపు మింట్ వీధిలో మాత్రం బాదం పాలు, జిలేబీ, చాట్‌లదే రాజ్యం, అదీ సాయంత్రం వేళ. అందుచేత జార్జ్ టౌన్ నడకను కాఫీ నడకగా ప్రకటిస్తే ఎక్కడెక్కడ ఏం తాగిస్తారో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. ఇంకో చిక్కు వారానిది. పర్యటనలు ఎక్కువగా ఆదివారం పెడతారు, టోకు దుకాణాలకు సెలవు కూడా ఆదివారమే. ఆ రోజు నడవడానికి దారి దొరుకుతుంది, పాత భవనాల ముఖద్వారాలు తీరిగ్గా చూడవచ్చు, కాని ఆ వీధుల ప్రాణమైన వ్యాపారం కనబడదు. పనిరోజున పది తరువాత వెళ్తే వ్యాపారం కనబడుతుంది. అయితే తోపుడుబండ్లూ మూటలు మోసేవారూ మోటారు సైకిళ్లూ నిండిన ఆ ఇరుకు వీధుల్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దలను నడిపించడం క్షేమం కాదు.

తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్) మూడో దారి. పార్థసారథి గుడి, రత్నా కేఫ్ సాంబారు ఇడ్లీ, ఒక కాఫీ. దీనికి గైడు అవసరం లేదు.

భాష సంగతి మాత్రం తేల్చుకోవాలి. గైడులు ఎక్కువగా ఇంగ్లీషులోనో తమిళంలోనో చెబుతారు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు అవి రాకపోతే, ఇంట్లో ఒకరు పక్కనే నడుస్తూ తెలుగులో చెబుతుండాలి, లేదా గైడు లేకుండా వెళ్లాలి. మైలాపూర్‌కు ఈ రెండో పద్ధతి కూడా బాగానే సరిపోతుంది, ఎందుకంటే గుడి, కాఫీపొడి దుకాణం, మెస్ అన్నీ నడిచేంత దగ్గరలోనే ఉంటాయి. జార్జ్ టౌన్‌లో అలా కుదరదు. ఏ తలుపు వెనక ఏ కథ ఉందో చెప్పేవారు లేకపోతే అది కొట్ల వరుసగానే మిగిలిపోతుంది. కాబట్టి గైడుకు ఇచ్చే డబ్బు ఒక్కచోటికే సరిపోతుందనుకుంటే దాన్ని జార్జ్ టౌన్‌కు దాచి, పెద్దలను మైలాపూర్‌కు మీరే తీసుకువెళ్లండి.