కత్తా, ఉత్తరమా?

మత్తుమందు లేని రోజుల్లో ఒంట్లో గడ్డ తగిలితే యూరప్‌లో డబ్బున్నవాళ్లు ఏం చేసేవారు?

కొందరు ఉత్తరం రాసేవారు. ఎడిన్‌బరోలో విలియం కల్లెన్ అనే పెద్ద డాక్టరుకి రోగో, ఊళ్లో వైద్యుడో బాధంతా రాసి పంపితే, మనిషిని చూడకుండానే జవాబిచ్చేవాడు. ఏం తినాలి, గుర్రపు స్వారీ చేయాలా, ఏ మందు ఎంత వేసుకోవాలి, అన్నీ అందులోనే. 1781 నుంచి జేమ్స్ వాట్ కనిపెట్టిన యంత్రంతో తన జవాబులకు నకళ్లు తీయించి దాచాడు కూడా. గడ్డలకి అప్పట్లో మోజు పెరిగిన మందు హెమ్లాక్. అవును, సోక్రటీసు తాగిన విషమే! 1760లో వియన్నా డాక్టర్ ష్టోర్క్ దానికి పేరు తెచ్చాడు. కేన్సర్ మాత్రం దానికి లొంగలేదు.

కత్తి సంగతి వేరు. 1811 సెప్టెంబర్ 30, పారిస్. ఇంగ్లిష్ రచయిత్రి ఫానీ బర్నీకి రొమ్ములో గడ్డ. ఆపరేషన్ ఇవాళేనని రెండు గంటల ముందు కబురొచ్చింది. నల్లబట్టల్లో ఏడుగురు మగవాళ్లు గదిలోకొచ్చారు. మొహం మీద కప్పిన రుమాలు ఎంత పల్చనంటే, కత్తి మెరవడం ఆమెకు కనిపించింది. నెపోలియన్ సర్జన్ లారే చేయి అది. దాదాపు ఇరవై నిమిషాలు నరకం.

ఉత్తరానికి టెన్షన్ తక్కువ, ఫలితమూ తక్కువే. ఆ గడ్డ నిజంగా కేన్సరేనా అన్న అనుమానం ఉన్నా, నా ఓటు లారేకే. బర్నీ 1840 దాకా బతికింది. ఇదంతా మనకి తెలిసింది ఆమె అక్కకి రాసిన ఉత్తరం వల్లే. దాన్ని పూర్తి చేయడానికి నెలలు పట్టింది.