ఉప్పు పర్రల్లో సాయంత్రం కయాక్: సూర్యాస్తమయం కన్నా ముందు పోటు వేళ అడగండి

జాలరిపేటల పక్కన ఉప్పు పర్రల్లో, అంటే పోటుకి సముద్రపు నీరెక్కే గడ్డి చిత్తడి నేలల్లో, సాయంత్రం కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న సన్న పడవ) యాత్రకి వెళ్లేవాళ్లు మొదట అడిగేది పొద్దు ఎన్నింటికి గుంకుతుందని. అడగాల్సింది పోటు ఎన్నింటికని. రోజుకి రెండు పోట్లొచ్చే తీరాల్లో ఒక పోటుకీ ఇంకోదానికీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ్టి పోటు రేపటికి 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే నిండు పోటూ పొద్దుగుంకే వేళా దగ్గరపడేది పక్షానికి నాలుగైదు రోజులే. యాత్ర నడిపేవాళ్లలో తేదీని బట్టి బయల్దేరే వేళ మార్చేవాళ్లనీ, కొన్ని రోజులు అసలు తీసుకెళ్లం అని చెప్పేవాళ్లనీ నమ్మండి. ఏడాది పొడుగునా ఒకే టైము చెప్పేవాళ్ల దగ్గర మేం బుక్ చేసుకోమనం.

ఊరు ఎంచుకునేటప్పుడు ఇంకోటి చూడాలి. ఒక ఊళ్లో అమావాస్య, పౌర్ణమి పెద్ద పోట్లు ఎప్పుడూ ఇంచుమించు ఒకే వేళకి వస్తాయి. అవి సాయంత్రం వచ్చే ఊళ్లో గడ్డి తలల దాకా నీరు నిండి చూపు ఎంతో దూరం పోతుంది, కానీ నీరు తీసేటప్పుడు, అంటే వెనక్కి తగ్గేటప్పుడు, లాగుడు ఎక్కువ. అష్టమి దరిదాపుల్లో వచ్చే చిన్న పోట్లు సాయంత్రం పడే ఊరైతే నీరు నెమ్మది. కొత్తవాళ్లకి అదే మేలు, కాకపోతే సన్న కాలువల్లోకి వెళ్లడం కుదరకపోవచ్చు.

నీరు తీసే ఆరు గంటల్లో మొదటి గంటకి పన్నెండో వంతే తగ్గుతుంది, రెండో గంటకి అలాంటివి రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు. నిండు పోటుకి గంట, గంటన్నర ముందు బయల్దేరి, నీరు నిలిచినప్పుడు వెనక్కి తిరిగితే రానూపోనూ నీరే మోసుకెళ్తుంది. ఫోటోలంటూ లోపలే ఆగిపోతే మూడో గంటలో కాలువ కళ్లముందే ఖాళీ అవుతుంది. గడ్డి కాడల్ని దగ్గరగా చూడండి. నీటి అంచుకి పైన నాలుగు వేళ్ల మేర తడి మెరుస్తోందంటే నీరు అప్పటికే తీస్తోందన్నమాట.

బురదకి తగులుకుంటే దిగొద్దు. మోకాలి దాకా దిగబడిన కాలు పైకి లాగే కొద్దీ రెండోది దిగబడుతుంది. పడవలోనే కూర్చుని తెడ్డుతో వెనక్కి నెట్టుకోవాలి, కదలకపోతే నీరొచ్చేదాకా ఆగాలి. వేళ్లు కప్పే బూట్లు తప్పనిసరి, ఎందుకంటే ఆల్చిప్పల అంచులు బ్లేడులా కోస్తాయి. వెచ్చని ఉప్పునీటిలో గాయానికి ప్రమాదకరమైన సూక్ష్మజీవులు సోకవచ్చు కాబట్టి వెంటనే సబ్బుతో, మంచినీటితో కడగాలి.

పైన కూర్చునే రకం పడవలైతే బోల్తాపడ్డా మళ్లీ ఎక్కడం తేలిక. ఇద్దరి పడవలో తెడ్డు వేసే లయ ముందువాళ్లది, దారి తిప్పడం వెనకవాళ్లది. ఇది గట్టున చెప్పని గైడు ఉంటే సగం సేపు తెడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటూనే ఉంటాయి. లైఫ్ జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి, చెవుల దాకా వస్తే వదులే. ఒక గైడుకి ఆరుగురికి మించి ఉండకూడదు. గాలి 10, 12 నాట్లు దాటితే, అంటే గంటకి సుమారు 20 కిలోమీటర్లు, కొత్తవాళ్లని తీసుకెళ్లకూడదు. డబ్బు కట్టకముందే రద్దు షరతు అడగండి.

పొద్దు గుంకాకే అసలు పరీక్ష. చేపల పడవలూ ఆ పోటు మీదే రేవుకొస్తాయి. వాటికి లోతు కావాలి, మనకక్కర్లేదు, కాబట్టి కయాక్‌ని కాలువ అంచున నడిపి వాటికి దారి వదలాలి. అల వస్తే పడవ ముక్కు దానికేసి తిప్పాలి. ప్రతి పడవకీ వెనక తెల్ల దీపం, ప్రతి మెడలో విజిల్ ఉండాలి. నుదుటి దీపం ఎర్ర వెలుగులో పెట్టుకుంటే కళ్లు చీకటికి అలవాటుపడి ఉంటాయి. పోటప్పుడు మిగిలే కాస్త మెరక మీదే పక్షులు సేదతీరుతాయి, వాటిని లేపే దాకా దగ్గరికి తీసుకెళ్లే గైడు మంచి గైడు కాడు.

బస రేవుకి నడిచేంత దూరంలో ఉంటే తడిబట్టలతో వాహనం వెతుక్కునే పని ఉండదు. బయట కుళాయి ఉందో లేదో కనుక్కోండి, ఉప్పూ బురదా గదిలోకి రావు. రేవు వైపు కిటికీ గది మాత్రం తీసుకోకండి, పడవల ఇంజన్లు తెల్లవారకముందే మొదలవుతాయి.