జాగ్రత్త: ‘మెరైన్ ప్లై’ అల్మారాలకు అడ్వాన్సు ఇవ్వబోయే డెల్టా వాసులకు

కోనసీమలో గానీ, గోదావరికి అవతలి గట్టున పాలకొల్లు, నరసాపురం వైపు గానీ చిన్న ఇళ్లలో ఉంటూ, సామాను సర్దుకోవడానికి చోటు చాలక గోడ పొడవునా అల్మారాలు బిగించుకోవాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. అమలాపురంలో మాది రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న కింది వాటా. పడకగదిలో ఒక గోడకు అల్మారా, దాని పైన అటక, వంటింట్లో సింకు కింద అరలు, మూత ఎత్తి లోపల సామాను పెట్టుకునే ఒక హైడ్రాలిక్ మంచం కలిపి ఒకే షాపులో చేయించాము. మెరైన్ ప్లై (తడికి తట్టుకునే ప్లైవుడ్డు) అని, పదేళ్ల వారంటీ అని చెప్పి అమ్మిన ఆ అల్మారాల అడుగు భాగం మొదటి వర్షాకాలం పూర్తి కాకుండానే ఉబ్బి, తలుపులు జారిపోయాయి. ఫిర్యాదు నడుస్తున్నందున షాపు పేరు రాయడం లేదు; అయినా కొనేవారికి పేరుకన్నా ఆ అమ్మకం సాగిన పద్ధతి తెలియడమే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ముందుగా ధర లెక్క. ఈ అల్మారాలకు చదరపు అడుగు చొప్పున రేటు చెబుతారు, కానీ ఆ చదరపు అడుగులు వాడిన చెక్కవి కావు, ముందు నుంచి కనబడే ముఖభాగానివి. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న అల్మారా 42 చదరపు అడుగులు; దానిపైన రెండడుగుల అటక మరో 12; మొత్తం 54 చదరపు అడుగులకు, అడుగుకు 1,450 రూపాయల చొప్పున, 78,300 రూపాయల బిల్లు వేశారు. ఇందులో లోతు ఎక్కడా లెక్కలోకి రాదు. కిటుకంతా అక్కడే ఉంది. బోర్డు షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. దానిని నిలువునా రెండుగా కోస్తే రెండేసి అడుగుల లోతుకు సరిపడే పలకలు వస్తాయి. మూడుగా కోస్తే పదహారు అంగుళాలవి వస్తాయి. మూడుగా కోసిన పలకలతో చేసిన అల్మారా కూడా ముందు నుంచి చూస్తే అదే 42 చదరపు అడుగులు, బిల్లూ అంతే. మాకు చేసిచ్చినది ఆ పదహారు అంగుళాలదే. పెద్దవాళ్ల చొక్కాల హ్యాంగరు దాదాపు పదిహేడు, పద్దెనిమిది అంగుళాలు ఉంటుంది కాబట్టి దానిని కడ్డీకి మామూలుగా తగిలిస్తే తలుపు మూసుకోదు, ఏటవాలుగా తోస్తే సగం బట్టలు కూడా పట్టవు. చోటు కలిసి రావడం కోసం డబ్బు పెట్టిన మనిషికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

లోతు సంగతి కొలత టేపు పెట్టి చూస్తే బయటపడుతుంది. లోపలి చెక్క ఏమిటన్నది అంత సులువుగా తేలదు, ఎందుకంటే రెండు వైపులా లామినేటు రేకు అతికించి, అంచులకు టేపు వేశాక, చెక్క పొరలు అతికించి చేసే ప్లైవుడ్డు, చెక్క తునకలను జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు ఒకేలా కనబడతాయి. మా అల్మారాలో ముందుగా నేలకు దగ్గరగా ఉన్న అంచు టేపు లేచింది, ఆ తర్వాత లోపలి పొడి తడిసిన అటుకుల్లా ఉబ్బి బయటికి వచ్చింది. షాపుకు ఫోన్ చేస్తే, “ఆయ్, అది మెరైనేనండి, ఓడలకు వాడే సరుకండి, మీరే నీళ్లు పోసి కడిగుంటారండి” అన్నారు. ఓడలకు వాడే సరుకు తడిబట్టతో తుడిస్తేనే పాడైపోతుందా అని అడిగితే జవాబు లేదు.

నిజం తేల్చినది మా వీధిలోని వడ్రంగి మేస్త్రి. ఆయన రంపం తేలేదు, నీళ్లు అడగలేదు, స్క్రూ డ్రైవరుతో ఒక తలుపు హింజ్ (కీలు) ఊడదీశారు అంతే. తలుపు లోపలి వైపున ఈ హింజ్ కూర్చోవడానికి 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంట తొలుస్తారు. ఆ గుంట గోడకు లామినేటు ఉండదు, టేపు ఉండదు. “ఇక్కడ చూడండమ్మగారూ, ప్లై అయితే పొరలు పొరలుగా కనబడాలి” అని సెల్‌ఫోను లైటు వేసి చూపించారు. పొరలు లేవు, జిగురుతో అదిమిన చెక్క తునకలు, వేలితో గీకితే రాలే పొడి, అంతే. తలుపులు జారడానికి కారణం కూడా అదేనని ఆయన వివరించారు: పార్టికల్ బోర్డులో మర ఒకసారి వదులైతే అదే కన్నంలో మళ్లీ గట్టిగా పట్టదు. ఇప్పటికే ఇలాంటి అల్మారాలు బిగించుకున్నవారు ఈ ఒక్క పరీక్ష చేసి చూడండి. ఒక్క తలుపుకే చేసి, మళ్లీ అదే మరలతో జాగ్రత్తగా బిగించండి; పార్టికల్ బోర్డు అయితే మునుపటంత పట్టు రాకపోవచ్చు.

పార్టికల్ బోర్డు వాడడమే నేరమని నేను అనడం లేదు. దానికీ ఐఎస్ 3087 అనే భారతీయ ప్రమాణం ఉంది. పొడి వాతావరణం ఉన్న ఊళ్లో, మేడ మీది గదిలో, తక్కువ ధరకు, అదేనని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ కాలువలు, చెరువులు, వరిచేల మధ్య ఉన్న మన ఇళ్లలో భూమిలోని చెమ్మ గోడలను పట్టుకుని పైకి ఎక్కుతుంది. కింది వాటాల్లో సున్నం పెచ్చులు ఊడే చోటు ఎక్కడో ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది. ఆ గోడకు వెనుక ఖాళీ లేకుండా, నేలకు కాళ్లు లేకుండా పార్టికల్ బోర్డు పెట్టెను అదిమి బిగిస్తే అది తేమను పీల్చుకోక ఏం చేస్తుంది? గోడకూ పెట్టెకూ మధ్య కనీసం ఒక అంగుళం, కింద నాలుగు అంగుళాల పీవీసీ కాళ్లు అడగండి. లంక గ్రామాలవారు ఇంకొక్క సంగతి ఆలోచించుకోవాలి. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ వద్ద వరద 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరికను దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు ఇనప్పెట్టెలను అటక మీదికి ఎక్కించగలిగారు గానీ, గోడకు కొట్టిన అల్మారాను ఎవరు మోసుకుపోగలరు? అలాంటి చోట కింది అరలు అసలు చేయించకుండా నడుము ఎత్తు పైనుంచి మొదలుపెట్టించుకోవడమే నయం.

ఇక మెరైన్ ప్లై అనే మాట. ఆ పేరుకు తగిన ప్రమాణం ఐఎస్ 710. అతుకు వీడకుండా 72 గంటలు మరిగే నీటిలో నిలవడం దాని పరీక్షల్లో ఒకటి. మామూలు ప్లైవుడ్డుకు వర్తించేది ఐఎస్ 303. నిజమైన షీటు మీద ఐఎస్ఐ గుర్తు, ప్రమాణం సంఖ్య, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ముద్రించి ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, అమలులో ఉందో లేదో కనబడుతుంది. లామినేటు అతికించాక ఆ ముద్ర కనబడదు కాబట్టి, షీట్లు దిగిన రోజునే ఫోటోలు తీసుకుంటామని, తర్వాతే కోత మొదలుపెట్టాలని కొటేషన్‌లోనే రాయించండి. “మా ఫ్యాక్టరీలోనే చేసి తెస్తామండి” అంటే, హింజ్ గుంటలు చూసి దించుకుంటామని చెప్పండి. కోసిన ముక్కను రాత్రంతా బకెట్ నీళ్లలో వేసే పరీక్ష కూడా కొందరు చెబుతారు. అది పార్టికల్ బోర్డును పట్టిస్తుంది గానీ, ఐఎస్ 303 సరుకును 710 అని అంటగడితే పట్టించదు.

వారంటీ కార్డు మాకు తీరిగ్గా చదువుకునే అవకాశం బిగింపు అయ్యాకే వచ్చింది, ఎందుకంటే అప్పుడే ఇచ్చారు. పదేళ్లు అన్నది పెద్ద అక్షరాల్లో ఉంది. తేమ, నీరు, చెదలు వలన కలిగే నష్టానికి వర్తించదన్నది వెనుక చిన్న అక్షరాల్లో ఉంది. గోదావరి జిల్లాల్లో చెక్క సామానుకు ఈ మూడూ కాక వేరే ఏ ఆపద వస్తుందో ఆ కార్డు రాసినవారే చెప్పాలి!

హైడ్రాలిక్ మంచం గురించి క్లుప్తంగా చెబుతాను. పరుపుతో సహా మూతను ఎత్తి నిలిపేది లోపలి గ్యాస్ రాడ్లు. అవి పరుపు బరువుకు తగినవి కాకపోతే మూత దానంతటదే కిందికి దిగుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మా మంచం పెట్టెకు ఒక్క గాలి రంధ్రం కూడా లేదు. లోపల పెట్టిన పట్టుచీరల మీద బూజు మచ్చలు వచ్చాయి. పరుపు వేయించి, మూత పూర్తిగా ఎత్తి వదిలి, నిలుస్తుందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి.

రెండు కింది తలుపులు మార్చి ఇస్తామని, దానితో సరిపెట్టుకోమని షాపువారు అన్నారు. మేము ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాము. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం షాపు వేరే ఊళ్లో ఉన్నా మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. దీనికి జీఎస్టీ బిల్లు చేతిలో ఉండడం మంచిది. బిల్లు మీద ‘ఉడ్ వర్క్’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే వాదన నిలవడం కష్టం. బోర్డు రకం, ఐఎస్ సంఖ్య, మందం, లోపలి లోతు నాలుగూ బిల్లు మీదే రాయమని అడగండి. రాయడానికి వెనకాడిన షాపుకు అడ్వాన్సు ఇవ్వకండి.