శరణార్థి శిబిరంలో పిల్లలకి పాఠాలు చెప్పే వాలంటీర్ ప్రోగ్రామ్: నా రివ్యూ

మూడు నెలలు చేసొచ్చా, వెళ్దామనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. పిల్లలకైతే ఐదుకి ఐదు స్టార్లు. టెంట్‌లోనే క్లాసు, ఆరేళ్ళవాళ్ళూ పదమూడేళ్ళవాళ్ళూ ఒకేచోట, కొందరికి అక్షరాలే రావు, కొందరికి బడి మధ్యలో ఆగిపోయింది, అందరికీ ఒకేలా చెప్తే అస్సలు కుదరదు. ఒక పాప బొటనవేలంత పెన్సిల్ ముక్క రోజూ పిడికిట్లో పట్టుకొచ్చేది, కొత్తది ఇస్తే తమ్ముడికిచ్చేసి మళ్ళీ ఆ ముక్కతోనే రాసేది.

ప్రోగ్రామ్‌కి మాత్రం మూడే. ట్రైనింగ్ ఒక్క పూట, భయపడిపోయిన పిల్లలతో ఎలా ఉండాలో చెప్పనే లేదు. ఓ రోజు పైన హెలికాప్టర్ వెళ్తే సగంమంది చెవులు మూసుకుని మూలకి పరిగెత్తారు, నాకు కాళ్ళూచేతులూ ఆడలేదు, ఆ శిబిరంలోనే ఉండే టీచరమ్మ వచ్చి మెల్లగా పాట అందుకుంటే ఒక్కొక్కళ్ళే వచ్చి కూర్చున్నారు. అలాంటివాళ్ళకి జీతమిచ్చి పెట్టుకోవాలి ముందు.

రెండు వారాలకి కూడా వాలంటీర్లని తీసుకుంటున్నారు, అది ఆపాలి. పిల్లలు మొదట అడిగేదే "మీరెప్పుడు వెళ్ళిపోతారు?" అని. ప్రాథమిక చదువు ఆశ్రయమిచ్చిన దేశం పిల్లలతో సమానంగా వీళ్ళకీ ఇవ్వాలని 1951 శరణార్థుల ఒప్పందం 22వ ఆర్టికల్‌లోనే ఉంది, అందుకే అరకొరగా చేస్తే కోపమొస్తుంది.

కనీసం మూడు నెలలు ఉండగలిగితేనే అప్లై చెయ్యండి, వాళ్ళ భాషలో ఓ యాభై మాటలైనా నేర్చుకుని వెళ్ళండి.