బెయ్‌హైనా, జింగ్‌షానా? మార్చిలో బీజింగ్ వెళ్తే కెమెరాతో ఎటు

మార్చిలో బీజింగ్ వెళ్తున్నాం, ఫొటోలకి ఒక్క పూటే దొరుకుతుంది, బెయ్‌హై పార్కుకి వెళ్లాలా జింగ్‌షాన్ ఎక్కాలా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. రెండూ పక్కపక్కనే. రెండూ ఒకప్పుడు చక్రవర్తుల తోటలే, 1920లలో జనానికి తెరిచారు. కాబట్టి దూరం చూసి తేల్చుకునే విషయం కాదు.

జింగ్‌షాన్ అంటే ఫర్బిడెన్ సిటీ, అంటే చక్రవర్తుల పాత రాజభవనం, చుట్టూ కందకం తవ్విన మట్టితో పోసిన గుట్ట, యాభై మీటర్ల ఎత్తు కూడా ఉండదు. పైనున్న మండపం నుంచి దక్షిణానికి చూస్తే ఆ భవనాల పసుపు పైకప్పులన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. మధ్యాహ్నం వెళ్తే ఎండ ఎదురుగా పడి అంతా వెలిసిపోయినట్టు వస్తుంది. మార్చి మూడో వారంలో సూర్యుడు దాదాపు సరిగ్గా పడమటనే దిగుతాడు కాబట్టి సాయంత్రం ఆరు ప్రాంతంలో కప్పుల మీద ఏటవాలు వెలుగు బాగుంటుంది. కానీ ఆ ఫొటో అక్టోబరులో తీసినా ఇంచుమించు అలాగే ఉంటుంది. అందులో వసంతం ఎక్కడుంది?

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ వసంతమే, అది బెయ్‌హైలో ఉంది. బెయ్‌హైలో మంచు కరిగిన చెరువు, అప్పుడే మొలిచిన వరినారు రంగులో విల్లో కొమ్మలు, ఆకు ఇంకా రాకముందే పూసే కొండ పీచ్ చెట్లు, వీటి వెనక ద్వీపం మీద 1651లో కట్టిన తెల్ల స్తూపం. ఆకులు దట్టం కాలేదు కాబట్టి కొమ్మల సందుల్లోంచి స్తూపం కనబడుతుంది, ఏప్రిల్ గడిచేసరికి ఆ సందులు మూసుకుపోతాయి. పొద్దున్న గాలి లేవకముందే తూర్పు ఒడ్డుకి వెళ్తే ఎండ మీ వీపు మీద, స్తూపం మీద పడుతుంది, నీళ్లలో నీడ నిలుస్తుంది. లెన్సుకి పోలరైజర్ (మెరుపులు, ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసేయండి, అది ఆ నీడనే చంపేస్తుంది. తెల్ల సున్నం కాలిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. సాయంత్రమే కుదిరితే వాయవ్యంలో ఉన్న అయిదు డ్రాగన్ల మండపాల దగ్గర నిలబడండి, అప్పుడూ వెలుగు మీ వెనకనుంచే వస్తుంది. నీళ్లలో ముంచిన పెద్ద కుంచెలతో నేల మీద అక్షరాలు రాసే పెద్దవాళ్లు కనిపిస్తే, అడిగి తీయండి.

వేరే చోట్లు చూస్తే, యుయువాన్‌తాన్ పార్కులో చెర్రీ పూలు నెలాఖరుకి వస్తాయి, జనం విపరీతం. సమ్మర్ ప్యాలెస్‌కి ఒక పూట చాలదు.

నేనైతే బెయ్‌హైకే వెళ్తాను. రోజంతా దొరికితే మాత్రం పొద్దున్న అక్కడ తీసుకుని సాయంత్రం జింగ్‌షాన్ ఎక్కండి, ఎక్కాక దక్షిణమే కాదు, ఒకసారి పడమటికీ తిరగండి. పొద్దున్న మీరు తీసిన స్తూపమే దిగే సూర్యుడి ముందు నల్లగా కనబడుతుంది.